డీకన్ ఏ ఊరి పాము

బ్లేక్లీ, జార్జియా
1974 సెప్టెంబరు 15

వెస్టా అక్కకి,

ఇక్కడ అందరం బాగున్నాం. నెల్డాకి మోకాళ్ల నొప్పులు, నాకు నెల్డా పోరు, తక్కినదంతా మామూలే. వేరుశనగ పీకుళ్లు మొదలయ్యాయి. ఊరంతా దుమ్ము. నా కలప లారీ మాత్రం చెట్టు నీడన ముసలి ఎద్దులా పడి ఉంది. ఈ ఏడు చెట్ల కోతపని దొరకలేదు. కాగితం కంపెనీ వాళ్లు పనులు ఎవరికిస్తున్నారో, ఏం చూసి ఇస్తున్నారో నాకు అంతుపట్టడం లేదు.

అసలు సంగతి వేరే. మా డీకన్‌కి దెబ్బ తగిలింది. కంగారు పడకు, చర్చిలో డీకన్ గారు గుండ్రాయిలా ఉన్నారు. నేను చెప్పేది మా మొక్కజొన్న గాదెలో కాపురముండే రాజపాము గురించి. నల్లకోటు, తెల్ల గొలుసు, ఆ నడక, ఆ దర్జా చూసి ఆ పేరు పెట్టింది నువ్వే. మొన్న నెల్డా గాదె తలుపు దడాలున వేసింది. వాడి తోక కొస సందులో పడి, బొటనవేలంత ముక్క తెగిపోయింది. ఇప్పుడు తోక చివర మొండిగా, కొరికేసిన క్యారెట్‌లా ఉంది. వాడికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. మర్నాడే ఓ లావుపాటి ఎలుకను మింగి, గడప మీద ఎండకి పడుకున్నాడు.

ఎలాగూ చేతికి చిక్కాడు కదా అని నాన్న పార కర్ర పక్కన చాపి చూశాను. కర్ర అయిపోయింది, వీడు అవలేదు. దాణా కొట్టు దగ్గర ఈ మాట చెప్తే కొట్టాయన రూఫస్ ఏమన్నాడో తెలుసా? "నీ నాలుక కన్నా పొడుగుండదులే హోయట్" అన్నాడు. నాకు రోషమొచ్చి, డీకన్‌ని దిండు గలీబులో వేసుకుపోయి కొట్టు బల్ల మీద గుమ్మరించాను. విషం లేని పామని తెలిసీ జనం గోడలెక్కారు! అప్పట్నించి ఊళ్లో నాకు మర్యాద పెరిగింది. ఇంత పెద్ద రాజపాము ఎర్లీ కౌంటీలో ఉందని, దాని కొలత ఇదీ అని ఎవరైనా ఒక పుస్తకంలో ఎక్కించాలి అక్కా. పనికిమాలిన వాటన్నిటికీ పుస్తకాలు రాస్తారు.

మీ వైపు రాజపాములు ఎలా ఉన్నాయి? ఇంకా చాకలి సోడాలో నానబెట్టి ఉతికినట్టే ఉన్నాయా? పాపం, రాజులని పేరే కానీ కిరీటం కుదువ పెట్టుకున్న మొహాలు.

నీ తమ్ముడు
హోయట్

*

కట్‌బాంక్ లాండింగ్, ఫ్లోరిడా
1974 అక్టోబరు 6

తమ్ముడు హోయట్‌కి,

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వాను. డీకన్ తోక తెగినందుకు కాదు, రూఫస్ అన్న మాటకి. అతనికి నా తరఫున ఒక తేనె సీసా ఇవ్వు.

మా పాముల జోలికి రాకు. పెద్దదైతే గొప్పదా? నువ్వూ పెద్దవాడివే, అమ్మ ఎప్పుడైనా గొప్పవాడివందా? నలభై మైళ్లకోసారి వేషం మార్చే పాము అది. పైన మీ వైపంతా నల్లకోటు, సన్న గొలుసు. నది దాటి ఆవలి ఒడ్డుకి పోతే మాకూ అవే. దక్షిణాన చెరకు తోటల్లో ఉన్నవి సన్నగా, ఒళ్లంతా పసుపు చుక్కలు. ఈ రెండు నదుల మధ్య మా పైన్ అడవిలో మాత్రం ఇంకోలా ఉంటాయి. లేత రంగు, వెడల్పాటి పట్టీలు. కొన్నిటికి పట్టీలే ఉండవు, పొలుసు పొలుసుకీ తేనె అద్దినట్టుంటాయి. నా మెట్టు పక్కన రేకు కింద ఉండే ఆడదాన్ని నువ్వు చూశావుగా. ఒంటి రంగు చూసి మీ బావ కోయ్ దానికి మజ్జిగ అని పేరు పెట్టాడు. ఆయన పోయాక ఈ ఇంట్లో నాతో ఉన్న ప్రాణి అదొక్కటే. అది ఉండబట్టి వాకిట్లో విషపు గిలకపాము అన్నది చూడలేదు నేను.

ఇప్పుడు ఆ మజ్జిగ వల్లే నాకు మంచిరోజులు వచ్చేలా ఉన్నాయి. మిస్ ఆల్‌బ్రిటన్ అని యూనివర్సిటీ నుంచి ఒకావిడ వచ్చింది. బూట్లు మోకాళ్ల దాకా, మాట మాత్రం మెత్తన. కాగితం కంపెనీ వాళ్లు మా చుట్టూ ఉన్న అడవిని కొట్టేసి, కాలవలు తవ్వి నీళ్లు లాగేద్దామని చూస్తున్నారని నీకు రాశాను కదా. దాన్ని వాళ్ల దగ్గర కొని అలాగే ఉంచాలని స్టేటు వాళ్ల ఆలోచనట. కొనాలంటే ఇక్కడ ఇంకెక్కడా లేనిదేదో ఉందని తేలాలి.

"ఈ లేత పాములు ఇక్కడి సొంతవా, లేకపోతే పై నల్లవీ కింది చుక్కలవీ కలిసి పుట్టినవా అన్నదే పేచీ అండీ" అంది ఆవిడ.

"మెట్టు పక్కన ఉన్నదాన్ని అడగండి, వాళ్ల తాతముత్తాతల పేర్లు చెప్తుంది" అన్నాను.

నవ్వింది కానీ, నిజానికి లెక్క కఠినమైనదే. ఏప్రిల్ చివర వచ్చి, నేను నేల మీద పరిచిన రేకులన్నీ లేపి చూస్తారు. దొరికినవన్నీ లేతవైతే ఇవి వేరే అని రాస్తారు. వాటిలో నల్లవి కలిసి కనిపిస్తే ఇదంతా సరిహద్దు కలగలుపు, ప్రత్యేకమేం లేదు అని రాసి పోతారు. అప్పుడు అడవి కంపెనీది. నీళ్లు పోతే ఒడ్డున టుపెలో చెట్లు పూయవు, పువ్వు లేకపోతే నా తేనెటీగలకి తిండి లేదు. ఇల్లొక్కటే నాది, పెట్టెలున్న చోటు వాళ్లది. ఈ వయసులో నాకు వేరే పని రాదు హోయట్. వచ్చినా చెయ్యను.

కానీ నాకేం భయం లేదు. ఇన్నేళ్లలో ఈ ఒడ్డున ఒక్క నల్లదాన్ని చూడలేదు.

అక్క
వెస్టా

*

బ్లేక్లీ, జార్జియా
1974 నవంబరు 20

అక్కా,

నీ ఉత్తరం నెల్డాకి కూడా చదివి వినిపించాను. "పాములు చూపించి అడవి కాపాడుకోవడమేంటి, విడ్డూరం" అంది. ఆవిడ సంగతి నీకు తెలుసుగా.

నాకు మాత్రం చాలా ఆసక్తిగా ఉంది. వాళ్లు పాముల్ని ఎలా వెతుకుతారు? అడవంతా తిరుగుతారా, లేక నువ్వు చెప్పిన రేకుల కిందే చూస్తారా? ఆ రేకులు ఎక్కడెక్కడ వేశావు? ఏప్రిల్ చివర అంటే ఏ వారం? నాకు తెలిస్తే నేనూ వచ్చి చూద్దును. నాన్న పోయాక నీతో కలిసి పాముల వెనక తిరగనే లేదు. గుర్తుందా, కోడిగూట్లో చెయ్యి పెట్టి నాన్న రాజపాముని తీసి నా మెడలో వేస్తే నేను లాగులో... సరే, అదిప్పుడెందుకు.

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. తేనెపెట్టెలకి కాళ్లు లేకపోవచ్చు కానీ నావలో ఎక్కుతాయి. దిగువన ఇంకా బోలెడు టుపెలో ఉందంటారు. చెట్టుని నమ్ముకుని బతికేవాడు చెట్టు కొడితేనే కదా తినేది. నా సంగతే చూడు. అన్నం పెట్టేది ఏదైనా అన్నమే. ఊరికే అన్నాను. నీ ఇష్టం నీది.

లారీ ఇంకా చెట్టు కిందే ఉంది.

హోయట్

*

కట్‌బాంక్ లాండింగ్
1975 ఫిబ్రవరి 2

హోయట్‌కి,

కోపం తెచ్చుకోవద్దని ముందే చెప్పి కోపమొచ్చే మాట అనడం నీకు చిన్నప్పట్నించీ అలవాటు. దిగువన ఉన్న టుపెలో అంతా ఇంకొకళ్ల ఒడ్లు. నా పెట్టెలు కట్టుకుని వెళ్తే "రా వెస్టా, కూర్చో" అని ఎవరూ అనరు.

నువ్వు అడిగినవన్నీ రాస్తున్నాను. నీకు ఇంత ఆసక్తి ఉంటుందని నేననుకోలేదు. చెప్పొద్దూ, సంతోషమేసింది. ఇన్నేళ్లూ నా బతుకు గురించి నువ్వు నిజంగా అడిగింది ఇదే మొదలు.

కోయ్ పాత షెడ్డు విప్పినప్పుడు మిగిలిన రేకులే అవన్నీ. మెట్టు పక్కన ఒకటి, అది మజ్జిగది. ఇంటి వెనక బండిదారి వెంట వరసగా కొన్ని, వంక దగ్గర విరిగిన పైన్ మొద్దుల్లో కొన్ని. చివరిది పెట్టెలకి వెళ్లే చెక్కవంతెన మొదట్లో ఉంది. పొద్దున ఎండ రేకు మీద పడి ఇంకా కాలకముందు లేపితే కింద ఉంటాయి. మిస్ ఆల్‌బ్రిటన్ వాళ్లు అడవంతా తిరగరు. ఈ వరసే చూస్తారు. ఏప్రిల్ ఆఖరి వారంలో వస్తామని రాసింది.

అప్పటికి నేను టుపెలో పూతలో మునిగి ఉంటాను. నీకు వీలైతే మార్చిలో రా. నెల్డాని తీసుకురా. ముల్లెట్ చేప వేయించి పెడతాను, నువ్వు ఇష్టపడే మొక్కజొన్న రొట్టె చేస్తాను. పాములు అప్పుడే బయటికి వస్తుంటాయి. మజ్జిగని నీ చేతిలో పెడతాను, ఎంత నెమ్మదో చూద్దువుగాని.

వెస్టా అక్క

*

బ్లేక్లీ, జార్జియా
1975 మార్చి 27

ప్రియమైన అక్కా,

క్షేమంగా చేరాం. నీ చేతి ముల్లెట్ రుచి ఇంకా నాలుక మీదే ఉంది. ఆ రొట్టె నెల్డాకి నేర్పమని అడిగితే "మీ అక్క చేతికి పుట్టిన రొట్టె అది, నా చేతికి రాదు" అంది. నెల్డా ఇంకొకళ్లని మెచ్చుకోవడం నేను వినడం అదే మొదటిసారి.

నువ్వు ఇచ్చిన తేనె అంతా దాచుకున్నాం. నువ్వు చాలా మంచిదానివి అక్కా. నీలాంటి అక్క ఎవరికీ ఉండదు. ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్పాలనిపించింది.

ఆ రోజు పొద్దున్నే నేను జింక జాడలు చూసొస్తానని అంతసేపు అడవిలో తిరిగినందుకు నువ్వు వేళాకోళం చేశావు. మంచి గాలి, వెనక్కి రాబుద్ధి కాలేదు. నెల్డా మాత్రం దిండు గలీబులన్నీ మట్టి చేశానని దారంతా సాధించింది. వేరుశనగలు వాటిలో పోసి తెచ్చాను కదా, ఆ మట్టి. ఆడవాళ్లకి గలీబుల మీద ఉన్న ప్రేమ మొగుళ్ల మీద ఉండదు.

మజ్జిగ బాగుంది. నిజంగానే బాగుంది. నా మణికట్టుకి చుట్టుకుని అలా ఉండిపోయింది.

నీ
హోయట్

*

కట్‌బాంక్ లాండింగ్
1975 మే 4

హోయట్‌కి,

మిస్ ఆల్‌బ్రిటన్ వాళ్లు వచ్చి వెళ్లారు.

బండిదారి వెంట మొదటి రేకు కింద లేతది ఒకటి దొరికింది. రెండో దాని కింద నల్లది. వంక దగ్గర రెండు నల్లవి. ఆవిడ మొహం మెల్లగా మారుతూ వచ్చింది. పట్టిన ప్రతిదాన్నీ కొలిచి రాసుకుంది. "ఇలాంటి నల్లవి నేను పోయిన ఏడు చూడలేదండీ" అంది. నేనూ చూడలేదన్నాను. "ఒక్కసారి చూసి ఏం చెప్పగలం, కనిపించింది కనిపించినట్టు రాయాలి కదా" అంది. ఆవిడ తప్పు కాదు.

మెట్టు పక్క రేకు నేనే లేపాను. కింద మజ్జిగ లేదు. ఒక నల్ల మగది ఉంది. అంత పెద్దదాన్ని ఈ ఒడ్డున ఎవరూ చూసి ఉండరు. కడుపు ఉబ్బి కదల్లేకుండా ఉంది. మిస్ ఆల్‌బ్రిటన్ దాని మెడ పట్టుకుని పైకి ఎత్తగానే అది నోరు తెరిచి మింగినదాన్ని కక్కడం మొదలెట్టింది. ముందు తోక వచ్చింది, తర్వాత లేతరంగు ఒళ్లు, పట్టీ వెనక పట్టీ. నేను మెట్టు మీద కూర్చుండిపోయాను.

"పాపం, మీకు తెలిసిన పామా?" అంది ఆవిడ.

తెలుసన్నాను. రాజపాము ఇంకో పాముని తింటుందని మనకి తెలియనిదా. తనకన్నా చిన్నదైతే తన జాతినీ వదలదు. నాన్న అందుకే ఒక గాదెలో రెండిటిని ఉంచేవాడు కాదు. చిన్నప్పుడు మనిద్దరికీ ఆయన నేర్పిన పాఠమది.

మజ్జిగని కోయ్ సమాధి పక్కన పూడ్చాను. నలుగురూ నవ్వుకుంటే నవ్వుకోనీ.

ఈ నెలాఖరుకి ఆవిడ తన నివేదిక పంపుతుంది. ఉన్నది ఉన్నట్టు పంపితే ఈ అడవి పోయినట్టే. అంతలోపు నీకు నాతో చెప్పవలసిన మాట ఏదైనా ఉంటే రాయి. ఎదురుచూస్తాను.

డీకన్ ఎలా ఉన్నాడు? అడిగానని చెప్పు.

వెస్టా

*

బ్లేక్లీ, జార్జియా
1975 మే 14

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం అందింది. నెల్డా కళ్లనీళ్లు పెట్టుకుంది. మజ్జిగ అలా పోవడం నిజంగా బాధాకరం. కానీ ప్రకృతి కదా అక్కా, దాన్ని ఎవరం ఆపగలం. నదికి వరదలొచ్చినప్పుడు ఆవలి ఒడ్డువి కొట్టుకొచ్చి ఉంటాయి. పాము ఎక్కడ తిండి ఉంటే అక్కడికి పోతుంది. ఇన్నాళ్లూ ఇటు రాకపోవడమే ఆశ్చర్యం.

పోయిన ఆదివారం మా పాదిరి గారు కూడా ఇదే చెప్పారు, ఒక తలుపు మూసుకుంటే బాధపడకండి అని. ఆ చిత్తడి నేల పట్టుకుని ఒంటరిగా ఎన్నాళ్లుంటావు? వచ్చి మాతో ఉండు. నెల్డా వెనక గది ఖాళీ చేస్తానంది, తనంతట తానే. పెట్టెలు ఇక్కడ పెట్టుకో. టుపెలో లేకపోతేనేం, పత్తిపూలు బోలెడు. తేనె తేనే కదా.

డీకన్ సంగతి అడిగావు. పాపం, వాడు ఈ చలికాలమే పోయాడు. తోక దెబ్బ లోపల చీము పట్టినట్టుంది. గాదె వెనక పూడ్చాను. నీకు చెప్తే బాధపడతావని రాయలేదు.

నాకు మాత్రం కాస్త మంచి కబురు. పని దొరికేలా ఉంది, పెద్దదే. జులై నుంచి. లారీకి టైర్లు కొత్తవి వేయించాను. దేవుడు చల్లగా చూస్తే ఈ ఏడు గట్టెక్కినట్టే. వివరాలు తర్వాత రాస్తాను.

ధైర్యంగా ఉండు.

నీ తమ్ముడు
హోయట్

*

కట్‌బాంక్ లాండింగ్
1975 మే 26

హోయట్,

డీకన్ చనిపోయాడని నువ్వు రాసిన ఉత్తరం చదివేటప్పుడు వాడు నా వంటింట్లో ఉన్నాడు. మూతకి చిల్లులు పొడిచిన పందికొవ్వు డబ్బాలో. ఆ పొద్దున్నే ఒక కోడిగుడ్డు మింగాడు.

మిస్ ఆల్‌బ్రిటన్ వాణ్ణి పైకి ఎత్తినప్పుడే నేను తోక చూశాను. మొండిగా, కొరికేసిన క్యారెట్‌లా ఉంది. నీ మాటే. ఆవిడ పక్కనే ఉంది. కొలబద్ద చేతిలో ఉంది. "ఇది మా తమ్ముడి పాము, జార్జియా పాము, దీన్ని తెచ్చి ఇక్కడ వదిలారు" అని అంటే ఆ క్షణమే అంతా తేలిపోయేది. నోటి దాకా వచ్చింది. నోరు మూసుకున్నాను. "ఈ పెద్దవాణ్ణి నేను ఉంచుకుంటానండీ" అని మాత్రం అడిగాను.

ఎందుకు చేశావో అప్పటికి నాకు తెలియదు. ఏదో పిచ్చి సరదాకి తెచ్చి వదిలావేమో, నా పాముల కన్నా మీవే పెద్దవని చూపించడానికేమో, జరిగింది తెలిస్తే గుండె పగిలి పరిగెత్తుకొస్తావేమో అనుకున్నాను. అందుకే అలా రాశాను. చెప్పవలసింది ఉంటే చెప్పు అని. డీకన్ ఎలా ఉన్నాడు అని. నీకు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను హోయట్. నువ్వు పాదిరి గారి మాటలు రాశావు.

నీ ఉత్తరం వచ్చిన వారంలోనే అడవిలోంచి ఒకతను వచ్చాడు, చేతిలో నీలం రంగు డబ్బా, కుంచె. కొట్టాల్సిన చెట్లకి గుర్తులు పెడుతున్నాడు.

"కుక్క కరుస్తుందా అమ్మా?" అన్నాడు.

"కుక్క లేదు, నేను కరుస్తాను. ఇంకా ఏమీ తేలలేదుగా, రంగెందుకు వేస్తున్నావు?"

"కోతాయన ముందే వెయ్యమన్నాడమ్మా. స్టేటు వాళ్లు కొనరని ఆయనకి గట్టి నమ్మకం. ఫిబ్రవరిలోనే కంపెనీతో కాగితం రాసుకున్నాడు. జార్జియా మనిషి, గ్రిమ్స్‌లీ గారని. మంచి సరదా మనిషిలెండి. ఏదో పెద్ద పాము ఉందని తెగ చెప్తాడు."

కోయ్ ఇంటిపేరు పెట్టుకున్నాను కాబట్టి నేనూ గ్రిమ్స్‌లీల పిల్లనేనని అతనికి తెలియదు. మంచినీళ్లిచ్చి పంపాను.

ఫిబ్రవరి. నీకు రేకుల వరసంతా రాసి పంపిన నెల. ఇన్నేళ్లకి తమ్ముడు నా బతుకు గురించి అడిగాడని మురిసిపోయిన నెల. మార్చిలో నా పొయ్యి మీద నీ కోసం చేప వేగుతుంటే, నువ్వు గలీబులు పట్టుకుని నా వెనకే నా రేకులు లేపుతున్నావు. వేరుశనగలు గోనెసంచిలో తెచ్చావు, గలీబుల్లో కాదు. సంచి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మజ్జిగ నీ మణికట్టుకి చుట్టుకుంటే బాగుందన్నావు. అప్పటికే డీకన్‌ని వదిలావా, ఆ తర్వాతా?

నువ్వు దొరికిపోయింది ఎలాగో తెలుసా? రోడ్డు పక్కన దొరికే ఏ నల్లపాముల్ని తెచ్చి వదిలినా నేను కనిపెట్టలేకపోయేదాన్ని. మిగతావి అలాంటివే, వాటి మొహాలు నాకు తెలియవు. కానీ నీకు ఆగలేదు. యూనివర్సిటీ ఆవిడ కొలుస్తుందంటే మీ ఊరి పెద్దపాముని ఆవిడ కొలబద్ద కింద పెట్టకుండా ఉండలేకపోయావు. దొంగతనంలో కూడా గొప్ప చూపించుకోవాలి నీకు.

అడిగి ఉంటే ఇచ్చేదాన్ని. అదే నన్ను తినేస్తోంది. "అక్కా, లారీ నిలబడిపోయింది, ఈ కోత లేకపోతే నేను మునిగిపోతాను" అని ఒక్క మాట రాస్తే, నాలుగు రోజులు ఏడ్చి, పెట్టెలు నావకెక్కించుకుని దిగువకి పోయేదాన్ని. ఎవరి ఒడ్డున ఎవరు ఏమన్నా పడేదాన్ని. నీకు ఆ సంగతి తెలుసు. తెలిసీ అడగలేదు, ఎందుకంటే అడిగితే నాకు రుణపడతావు. దొంగిలిస్తే ఎవరికీ రుణపడనక్కర్లేదు.

నిన్న మిస్ ఆల్‌బ్రిటన్‌ని పిలిపించి డబ్బా ఆవిడ ముందు పెట్టాను. అంతా చెప్పాను. "మీ మాట మీద ఎలా రాయనండీ, సాక్ష్యం కావాలి కదా" అంది. నీ దాణా కొట్టుకి ఫోను చెయ్యమన్నాను. చేసింది. రూఫస్ ఎత్తాడు. "మొండి తోక నల్లదా? అది హోయట్ పాము కదండీ! ఆ డీకన్‌ని ఎరగని వాడు ఈ కౌంటీలో లేడు. మా బల్ల మీదే కొలిచాం. ఏం, దొరికిందా? చలికి ముందు బ్రహ్మాండంగా ఉంది, మార్చిలో కూడా చూశాను" అన్నాడట. నువ్వు పూడ్చినవాణ్ణి.

డీకన్‌ని సాక్ష్యంగా యూనివర్సిటీకి తీసుకెళ్లి, నివేదిక మార్చి రాస్తానంది. నల్లవాటిని ఎవరో తెచ్చి వదిలారని, వాటిని లెక్కలోంచి తీసేస్తున్నానని.

వెనక గది నెల్డాకే ఉంచు.

వెస్టా

*

బ్లేక్లీ, జార్జియా
1975 సెప్టెంబరు 21

వెస్టా,

నీ ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నాను. నెల్డా రాయమంది.

కంపెనీ వాళ్లు కాగితం రద్దు చేశారు. ఇక నాకు ఎక్కడా పని ఇవ్వరట. లారీ అమ్మేశాను, కొత్త టైర్లతో సహా. నీకు సంతోషమేగా. దాణా కొట్టు దగ్గరకి పోవడం మానేశాను. పోతే రూఫస్ "పాముని కౌంటీ దాటించాడు" అని అందరికీ వినపడేలా అంటున్నాడు. నీలాంటి అక్క ఉంటే శత్రువులెందుకు అని మా పాదిరి గారి ముందే అన్నాను.

నేను చేసింది పెద్ద నేరమేం కాదు. పాముని ఒక చోట నుంచి తీసి ఇంకో చోట వదిలాను. దేవుడు చేసిన పాముని దేవుడు చేసిన అడవిలో పెట్టాను. దానికి ఒక మనిషి బతుకు తీస్తారా?

డీకన్ లేక గాదెలో ఎలుకలు విరగబడ్డాయి. ఈసారి మొక్కజొన్న సగం వాటికే పోయేలా ఉంది. ఆ యూనివర్సిటీ ఆవిడకి వాడితో పని అయిపోయి ఉంటే వెనక్కి పంపించమని చెప్పు. బస్సులో వేసినా ఫరవాలేదు. వాడు నావాడు.

హోయట్

*

కట్‌బాంక్ లాండింగ్
1975 అక్టోబరు 12

హోయట్‌కి,

స్టేటు వాళ్లు అడవి కొన్నారు. కాగితాల మీద సంతకాలయ్యాయి. నీలం గుర్తులున్న చెట్లు అలాగే నిలబడి ఉన్నాయి. నా పెట్టెలు ఉన్న చోటే ఉన్నాయి. సంతోషమేగా అని అడిగావు. పొద్దున లేచి అలవాటుగా రేకులు లేపుతున్నాను. చాలావాటి కింద చీమలు తప్ప ఏమీ ఉండటం లేదు. పోయిన నెల వంక దగ్గర ఒక పిల్ల దొరికింది, పెన్సిలంత. తల లేత రంగు, నడుము నుంచి కిందికి మీ నలుపు, గొలుసుతో సహా. దాన్ని ఏం చెయ్యాలో తెలియక చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. చివరికి వదిలేశాను. మిగతా నల్లవాటిలో ఎన్ని చిక్కాయో, ఎన్ని అడవిలో ఉండిపోయాయో మిస్ ఆల్‌బ్రిటన్‌కే తెలియదు. నేను గెలిచిన అడవి ఇది.

మొన్న రాత్రి భోజనానికి ముందు వాకిట్లో గిలకపాము తోక చప్పుడు వినిపించింది. ఈ ఇంట్లో అడుగు పెట్టాక మొదటిసారి. ఇకమీదట చీకటి పడ్డాక దీపం లేకుండా మెట్టు దిగను.

డీకన్‌ని పంపడం కుదరదు. వాడు యూనివర్సిటీలో తిండి మానేశాడట. ఎలుకలు వేసినా, గుడ్లు పెట్టినా ముట్టలేదు. జులైలో పోయాడు. ఇది నీ ఉత్తరంలోలాంటి చావు కాదు, నిజం చావు. యూనివర్సిటీ వాళ్లు వాణ్ణి స్పిరిట్ పోసిన పెద్ద గాజు జాడీలో పెట్టి అరలో ఉంచారు. నేను వెళ్లి చూశాను. నలుపు కాస్త వెలిసింది కానీ గొలుసు అలాగే ఉంది. మొండి తోక కిందకి కనిపిస్తుంది.

వీడి కొలత ఎవరైనా రాసి పెట్టాలని నువ్వు ఎప్పుడూ అనేవాడివి. రాశారు. జాడీకి చీటీ కట్టారు, నీళ్లలో తడిసినా చెరగని సిరాతో. ఎంత పొడుగో ఉంది. ఏ కౌంటీ పామో ఉంది. దొరికిన చోటు అన్న దగ్గర నా మెట్టు పేరు ఉంది. అక్కడికి తెచ్చినవారు అన్న దగ్గర ఖాళీ ఉంచి, ఏం రాయమంటారండీ అని మిస్ ఆల్‌బ్రిటన్ నన్ను అడిగింది. కావాలంటే తెలియదు అని రాస్తానంది.

నీ పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా. అక్షరం తప్పు పోకుండా పక్కన నిలబడి రాయించాను.

వెస్టా